బియ్యానికి చోటు

నూనెలో వేగిన పిండిపై టమాట రసం పడగానే ఎగసే తీపిపులుపుల ఆవిరి, అందులో కరఫ్స్ ఆకు వాసన, ఈ రెండూ కలిసి ఈ ఉదయం మా వంటింటిని నింపివేశాయి. కొత్తిమీరను పోలి, దానికంటె ఘాటుగా ఉండే ఆ ఆకును నేనుండే ఈ అరబ్బు తీరపు ఊరు సలాలా అంగడిలో ఆ అరబ్బీ పేరుతోనే అమ్ముతారు. గోదావరి తీరాన పుట్టి, గుత్తివంకాయకూ చేపల పులుసుకూ అలవాటుపడిన నా చేయి హంగరీ దేశపు వంటకం వండటమేమిటని మా ఇంటికి వచ్చినవారు వింతపడుతూ ఉంటారు. మాంసమూ బియ్యమూ కూరిన మిరపకాయలను తియ్యని టమాట రసంలో ఉడికించే ఈ వంటను నాకు నేర్పిన ఇలోనాగారు ఇప్పుడు లేరు. ఆమెను ఎరుగనివారి కోసం ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆమె భర్త సలాలా వాస్తవ్యులైన పశువైద్యులు. యౌవనంలో బుడాపెస్టులో చదువుకొంటున్నప్పుడు ఆమెను వివాహమాడి ఇక్కడికి తీసుకొనివచ్చారు. ఆయన గతించిన తరువాత కూడా ఆమె ఆ ఇంటిని విడువలేదు. పక్షవాతం వచ్చి కుడిచేయి స్వాధీనం తప్పినప్పుడు, ఇండ్లకు వెళ్ళి రోగులను చూసే నర్సునైన నన్ను ఆమె వద్దకు పంపించారు. నేను మొదటిసారి లోపలికి అడుగుపెట్టేసరికి కడప ప్రాంతపు ఓబుళమ్మ ఆమె ఎదుట పీటపై కూర్చొని ముద్దలు కలిపి నోటికందిస్తున్నది. ఆ ఇంట ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఓబుళమ్మకు యజమానురాలిపై కన్నతల్లిపై ఉండేటంత ప్రేమ. గుమ్మంలో నిలిచిన నన్ను చూసి, ముద్ద మింగి, ఇలోనాగారు తెలుగులో పలకరించారు.

"ఏంది సిస్టర్, అట్ల జూస్తాండావు? తెల్ల ముసిల్ది తెలుగు మాట్లాడేది ఎప్పుడూ సూళ్లేదా?"

"నా కాడ్నే నేర్చుకునింది సిస్టరమ్మా," అన్నది ఓబుళమ్మ గర్వంగా. "తిట్లు గూడా బాగొచ్చు. అవి మాత్రం అడగొద్దు."

మా నాన్నగారు మిషను పాఠశాలలో తెలుగు పండితులు. మా ఇంట పెద్దలను ఏకవచనంలో పిలిస్తే ఆ పూట మాతో మాట్లాడేవారు కారు. అటువంటి ఇంట పెరిగిన నాకు, హంగరీ వనిత నోట పలికిన కడప ఏకవచనం మొదట చెవులకు మోటుగా తోచింది. వారం తిరగకముందే ఆ పలుకు కోసం ఎదురుచూడసాగాను.

అయితే ఆ ఇంట ఒక భయం పొంచి ఉన్నది. బుడాపెస్టులో స్థిరపడిన ఆమె కుమార్తె లైలా ఫోనులో ఖండితంగా చెప్పివేసింది: ఒకరు ముద్ద పెడితే తప్ప తినలేని మనిషిని అంత దూరాన విడిచి ఉండలేను, వచ్చి తీసుకొనిపోతాను, ఇక్కడొక వృద్ధాశ్రమంలో గది కూడా చూసి ఉంచాను అని. ఓబుళమ్మ కూడా ఆ వేసవితో పని చాలించి సొంత ఊరికి వెళ్ళిపోనున్నది. ఇలోనాగారు వాదించలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టారు. వచ్చిన రోజు లైలా తన తల్లి ఒంటరిగా వండిన కూరిన మిరపకాయలు తినాలి. ఓబుళమ్మ చేయి గాని, నర్సు చేయి గాని వాటిపై పడరాదు. తిన్న తరువాత కూడా బయలుదేరమంటే తాను మారుమాటాడక విమానమెక్కుతానన్నారు.

ఆ మరుసటి ఉదయమే సాధన మొదలైంది. అంగడి నుండి చిన్నవి, పలుచని తోలు గలవి ఏరి తెచ్చిన లేతాకుపచ్చ క్యాప్సికములను ఓబుళమ్మ బల్లపై పోసింది. వాటిని ఆమె బెంగుళూరు మిరక్కాయలనేది. తొడిమను బొటనవ్రేలితో లోనికి నొక్కి, అది విరిగిన తరువాత గింజలతో సహా బయటికి లాగాలి. రెండు చేతులున్నవారికి అది క్షణంలో పని. ఎడమచేతి కింద కాయ గుండ్రంగా తిరిగి, బల్ల అంచు దాటి నేలమీద పడింది. నేను వంగబోయాను.

"చేతులు ఎనక్కి పెట్టుకో సిస్టర్," అన్నారామె. "నువ్వు దానికి నర్సు గాదు."

గోడను పట్టుకొని, మోకాలు వంచి, ఆమే ఆ కాయను అందుకొన్నారు. చాలాసేపు దానిని అటూ ఇటూ తిప్పి చూసి, చివరకు నీళ్ళ గ్లాసులో నిలబెట్టారు. కాయ కదలలేదు. బొటనవ్రేలు నొక్కగానే తొడిమ టక్కుమన్నది. ఉల్లిపాయ తరగటానికి మాత్రం నా సాయం ఒప్పుకొన్నారు. అది కూడా కోయటానికి కాదు. ఒక చెక్కలో మేకు దిగగొట్టి ఇచ్చాను, ఉల్లిపాయను దానికి గుచ్చి ఒంటిచేత్తో తరిగేందుకు. కైమాలో ఉప్పు కలుపుతూ ఆమె నవ్వేవారు.

"మా యమ్మ పందిమాంసం ఏస్తాండె. నేను ఈ ఇంటికొచ్చినాక మేకమాంసం. మిరక్కాయ గూడా నా మాదిరే పెండ్లి చేసుకొని మారిపాయ."

ఒకనాడు సగం కాయలు కూరేసరికి ఆమె అలసిపోయి లోపలికి వెళ్ళి నడుము వాల్చారు. ఆ సమయంలో నేను వేరే ఇంట ఉన్నాను. తిరిగివచ్చేసరికి గిన్నె పొయ్యిమీద ఉన్నది, ఓబుళమ్మ ఏమీ ఎరుగనట్టు గిన్నెలు తోముతున్నది. ఇలోనాగారు లేచి వచ్చి మూత తీశారు. కొన్ని కాయలు చక్కగా నిలిచి ఉన్నవి. తక్కినవన్నీ నిలువునా చీలి, మాంసమూ మెతుకులూ రసమంతటా తేలుతున్నవి.

"ఎవురు కూరింది?"

"నేనే మామా," అన్నది ఓబుళమ్మ తల ఎత్తకుండానే, ఇక్కడి ఇండ్లలో పనివారు యజమానురాలిని పిలిచే ఆ పిలుపుతోనే. "పండుకున్యావు గదా అని మిగిలినేటివి నేను నింపినా. గుత్తొంకాయ మాదిరి గట్టిగా అదిమి పెట్టినా. వెలితిగా పెడితే మనల్ని పిసినారోళ్ళు అనుకోరా?"

"అది పచ్చి బియ్యం ఓబులూ. ఉడికేకొద్దీ లోపల పెరుగుతాది. దానికి చోటియ్యాల." ఆమె గరిటె పక్కన పెట్టి మా ఇద్దరి వైపూ చూశారు. "మీరు నన్ను గూడా ఇట్లనే కూరతాండారు."

"అయితే నువ్వు పగిలేది ఎప్పుడు మామా?"

"లైలా వచ్చినాక."

ఓబుళమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది. మరునాటి నుండి ఆమె ముద్ద కలపలేదు. చెంచా పళ్ళెం పక్కన పెట్టి, తాను కనబడకుండా గుమ్మం అవతల కూర్చొనేది. లోపల మెతుకులు బల్లపై రాలే చప్పుడు వినబడినప్పుడల్లా ఆమె పాదాలు లేవబోయి ఆగటం నేను చూశాను. మా వృత్తిలో త్వరగా చేసిపెట్టటమే దయ అనిపించుకొంటుంది. డ్యూటీలో ఒక్కొక్కరికి ఇన్ని నిమిషాలని విధించినప్పుడు రోగి చేతిలోని చొక్కాను లాక్కొని తొడగటం సులభం. రోగి తానే తొడుక్కొనేదాకా ఊరకుండటం ఎంత కఠినమైన శ్రమయో ఆ వంటింట నిలబడినప్పుడే నాకు తెలిసింది.

లైలా వచ్చిన రోజున ఇలోనాగారు తెల్లవారకముందే లేచారు. కుమార్తె పెట్టె దించి, ముఖం కడుగుకొని వచ్చేసరికి కాయలన్నీ వెలితిగా నిండి గ్లాసుల్లో నిలబడి ఉన్నవి. ఇక పిండి వేయించటం మిగిలింది. కాగిన నూనెలో ఎడమచేయి వడిగా తిరగకపోతే పిండి మాడుతుంది, వడిగా తిరిగితే గిన్నె జారుతుంది. ఆమె గిన్నె పిడికి తన పొట్టను ఆనించి నిలబెట్టి కలుపుతున్నారు. లైలా ఒక్క ఉదుటున లేచి గరిటె అందుకోబోయింది.

"గమ్మున కూచో!" అని ఇలోనాగారు గద్దించారు.

తెలుగు ముక్క ఎరుగని లైలా, తల్లి ఏ భాషలో అరిచిందో తెలియక, అలాగే కూర్చుండిపోయింది. గుమ్మం అవతల ఓబుళమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. టమాట రసం, చక్కెర, ఉప్పు, ఆకు ఒకటొకటిగా పడ్డవి. కాయలు ఉడికినవి. బరువైన గిన్నెను దించటం ఆమెకు సాధ్యం కాదు. కనుక పొయ్యి ఆర్పి, గిన్నెను అక్కడనే ఉంచి, ఒక్కొక్క కాయను గరిటెతో ఎత్తి, పళ్ళెంలోకి చేర్చి, ఆ పళ్ళేన్ని బల్ల వద్దకు మోసుకొని వచ్చారు. రసం దారి పొడవునా కారింది. ఎవరమూ తుడవలేదు.

తల్లీకూతుళ్ళు తమ భాషలో మాట్లాడుకొన్న మాటలను లైలా తరువాత నాకు ఇంగ్లీషులో వినిపించింది.

"చక్కెర ఎక్కువైందమ్మా."

"నీకు చిన్నప్పటి నుండీ ఎక్కువే కావాలి కదా. అందుకే వేశాను."

"నువ్వు పడిపోతే?"

"పడతాను. మీ ఊరి మంచులో నువ్వు పడవా?"

"నన్ను లేపటానికి మనుషులుంటారు."

"నన్ను లేపటానికి పక్కింటివాళ్ళున్నారు, సిస్టర్ ఉన్నది. మీ నాన్న సమాధి నేను నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఉన్నది. అక్కడ ఆశ్రమంలో నువ్వు చూసి వెళ్ళిన తరువాత నాకు ఎవరున్నారు?"

లైలా రొట్టె ముక్కతో పళ్ళెం అంచులదాకా తుడుచుకొని తిన్నది. ఆ తరువాత ఫోను తీసి, బల్ల వద్దనే కూర్చొని ఎవరితోనో మాట్లాడసాగింది. అలసిన ఇలోనాగారి కళ్ళు కునుకుతో మెల్లగా మూతపడ్డవి. ఆశ్రమంలో ఆ గదిని మరొకరికి ఇవ్వవచ్చునని లైలా చెప్పినట్టు నాకు తరువాత తెలిసింది. ఇలోనాగారు తమ ఇంటిలోనే జీవించారు. ఒకటి రెండుసార్లు పడ్డారు కూడా. లేచారు. తుది నిద్ర కూడా ఆ ఇంటనే.

నిన్న మధ్యాహ్నం సముద్రపుటొడ్డున ఒక వృద్ధ జాలరి ఇంటికి వెళ్ళాను. పక్షవాతం వచ్చి కొంతకాలమైంది. మంచం అంచున కూర్చొని ఆయన తన చెప్పులోకి పాదం దూర్చే ప్రయత్నంలో ఉన్నారు. చెప్పు ప్రతిసారీ ముందుకు జారిపోతున్నది. పక్కనే ఉన్న భార్య తాళలేక వంగబోయింది. దాహంగా ఉన్నది, కహ్వా పోయమ్మా అని అడిగాను. ఆమె నా ఎదుట కూర్చొని చిన్న కప్పులో కాఫీ పోసింది. తాగి కప్పు చాచాను, మళ్ళీ పోసింది. చాలునని తెలుపటానికి ఇక్కడివారు ఖాళీ కప్పును అటూ ఇటూ కదుపుతారు, కదపనంతవరకు ఇంటివారు లేవకుండా పోస్తూనే ఉంటారు. ఆమె చూపు భర్త పాదాలవైపు, చేయి నా కప్పువైపు. చేదుకు నా నాలుక మొద్దుబారింది. ఆయన పాదం చెప్పులోకి పూర్తిగా చేరేదాకా నేను ఆ కప్పును కదపలేదు.