లఖ్దర్ ఇంట్లో మూసిన కన్నం

సెతీఫ్ పట్టణంలో లఖ్దర్ బెన్‌యహ్యా అని అడిగితే పక్కింటివాళ్లు కూడా తల గోక్కుంటారు. కన్నం లఖ్దర్ అనండి, బడికి పోయే పిల్లలు చెయ్యి పట్టుకుని ఇంటిదాకా తీసుకువెళతారు. పాపం, అతను కన్నాలు వేసే రకం కాడు. ఉన్న కన్నాలు మూయవద్దని ఊరందరికీ చెప్పి జీతం తీసుకునే మనిషి.

కరెంటూ గ్యాసూ రెండూ ఇచ్చే పెద్ద కంపెనీ అది. మీసం సరిగ్గా రాకముందే అందులో మీటర్లు చూసే పనిలో చేరాడు. అధికారులు ఎన్నడూ గుర్తుపట్టలేదు గానీ, వీధి కుక్కలన్నీ బాగానే గుర్తుపెట్టుకున్నాయి. తరవాత లైన్ల మీదికి పంపారు. మొదటిసారి స్తంభం ఎక్కి కిందికి చూసి, దాన్ని కన్నతల్లిలా కావలించుకుని వదలనంటే, నిచ్చెన బండి వచ్చి దింపుకుపోయింది. సరే, నేల మీదే ఉంటాడని గ్యాసు గొట్టాల పనికి వేస్తే, గుంతల్లోకి దిగీ దిగీ మోకాళ్లు పట్టేశాయి. ఎక్కడానికీ దిగడానికీ పనికిరాని మనిషికి ఇంకేం మిగిలింది? మాటలు. అవి మాత్రం దేవుడు దండిగా ఇచ్చాడు. అలా చలికాలం జాగ్రత్తలు చెప్పే ఉద్యోగం అతని మెడలో పడింది.

సెతీఫ్‌లో మంచు పడిందంటే ఇంటింటా గ్యాసు హీటరు వెలుగుతుంది. హీటరు వెలిగించిన చేత్తోనే జనం గోడ కన్నాల్లో గుడ్డలు కుక్కుతారు. హీటరున్న ప్రతి గదికీ రెండు కన్నాలుండాలి. కింది దానిలోంచి మంచి గాలి లోపలికి రావాలి, పై దానిలోంచి చెడు గాలి బయటికి పోవాలి. ఆ కన్నాల్లోంచి లఖ్దర్ పీకినవాటిలో మేజోళ్లున్నాయి, దిండ్లున్నాయి, ఒక ఇంట్లో మామగారి తలపాగా కూడా ఉంది. ఇంటివాళ్లు పెట్టిన కాఫీ తాగి, బజారులో, బడిలో, ఊరి రేడియోలో ఒకే పాట పాడేవాడు.

"గ్యాసు కారితే వాసన వస్తుంది, చెప్పి మరీ వస్తుంది. గాలి ఆడని గదిలో హీటరు నుంచి పుట్టే విషం ఉంది చూశారూ, దానికి వాసన లేదు, చప్పుడు లేదు. నిద్ర వచ్చినట్టే ఉంటుంది. ఆ నిద్రలోంచి లేవరు. కన్నం మూయకండమ్మా."

రేడియోలో తన గొంతు తనే విని, 'అబ్బ, ఎంత బాగా చెప్పాను' అని మురిసిపోయేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. లఖ్దర్ రచ్చ గెలిచాడు. ఇల్లు మాత్రం భార్య యమీనాది.

ఆ చలికాలం యమీనా తల్లి బర్కాహుమ్ మక్కా వెళ్లింది. ఆ ముసలామె కూతురి దగ్గరే ఉంటుంది. తిరిగి వచ్చాక దీవెనల కోసం బంధువులంతా ఇంటికి దిగుతారు. అందుకని యమీనా పెద్ద గదిని కొత్త పెళ్లికూతురిలా తయారు చేయించింది. సున్నపు పూతపని చేసే దర్రాజీని పిలిపించి పైకప్పుకు తీగలూ, గోడలకు పువ్వులూ పెట్టించింది.

"ఏమయ్యా, ఆ పై బొక్కలోంచి మసి కారి గోడంతా పాడైంది. దాని మీద దర్రాజీ పువ్వు పెడతానంటున్నాడు."

"అది గాలి కోసం యమీనా..."

"రేడియో కట్టిపెట్టు. మా అమ్మ దేవుడి ఇంటికి వెళ్లొస్తోంది. వచ్చినవాళ్లు మా గోడ చూడాలా, నీ బొక్క చూడాలా?"

నిచ్చెన మీద నుంచి దర్రాజీ సర్దిచెప్పాడు. "రెక్కల మధ్య సందులు వదులుతాలే లఖ్దర్ గారూ. గాలికి దారి ఉంటుంది."

పువ్వు తయారైంది. ముద్దొచ్చేలా ఉంది. సందులు లేవు. లఖ్దర్ వేలు పెట్టి మరీ చూశాడు, లేవు. కింది కన్నం ముందుకు కొత్త పరుపుల బల్ల వచ్చి ఆనుకుంది. అదీ చూశాడు. 'వచ్చినవాళ్లు వెళ్లిపోగానే తీయిద్దాం' అనుకుని కాఫీ తాగాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడిందంటారు. ఆ బల్లికి కనీసం కుడితి ఉందని తెలియదు. మనవాడు లోతు కొలిచి, చెప్పులు విప్పి మరీ దిగాడు.

శుక్రవారం నమాజు అయ్యాక బంధువులు వచ్చారు. బయట మంచు. ఆడవాళ్లంతా హీటరు వెలుగుతున్న పెద్ద గదిలో, ముసలామె చుట్టూ. మగవాళ్లు ముందు గదిలో. ఆడవాళ్లు కూర్చున్న గదిలోకి ఇంటి యజమాని అయినా అడుగు పెట్టకూడదు. లఖ్దర్ మగవాళ్లకు ఖర్జూరాలు పంచుతూ, కన్నాల మీద బావమరుదులు వేసే జోకులకు అందరికంటే ముందు తనే నవ్వుతూ కూర్చున్నాడు.

కొంతసేపటికి యమీనా తలుపు దగ్గరికి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"సాంబ్రాణి ఎక్కడ పెట్టావయ్యా? ఎవరిదో దిష్టి తగిలింది. అందరికీ తలనొప్పే. మక్కా కబుర్లు చెబుతూ చెబుతూ అమ్మ మధ్యలో కునుకు తీస్తోంది. నాకూ కడుపులో తిప్పుతోంది."

లఖ్దర్ చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. దిష్టి కాదని అతనికి తెలుసు. ఆ మాటలు వరస తప్పకుండా అతనే రేడియోలో చెప్పాడు: ముందు తలనొప్పి, తరవాత వికారం, ఆ తరవాత నిద్ర.

అప్పుడు లేచి పరిగెత్తాడని రాయాలని నాకూ ఉంది. పరిగెత్తలేదు. కప్పు చేత్తో పట్టుకుని ఆలోచించాడు. ఇప్పుడు నోరు తెరిస్తే, కన్నం లఖ్దర్ ఇంట్లోనే కన్నం మూశారని రేపు బజారంతా నవ్వుతుంది. నిజానికి అది తలనొప్పేనేమో, జనం ఎక్కువయ్యారేమో, దర్రాజీ ఏ మూలనో సందు వదిలాడేమో. లోపల పదిమంది ఊపిరి, బయట తన పరువు. ఆ రెంటినీ తూకం వేస్తూ, ఛీ, మిగిలిన కాఫీ గుక్క కూడా మింగాడు.

ఇంతలో లోపల ఎవరో, మక్కా వెళ్లొచ్చిన ఆడవాళ్లను పిలిచినట్టు, "హాజ్జా, హాజ్జా" అని పిలిచారు. ముసలామె పలకలేదు.

లఖ్దర్ తలుపు తోసుకుని లోపలికి దూరాడు. ఆడవాళ్లు గబగబా ముసుగులు లాక్కున్నారు. "సిగ్గులేదా ఈయనకి" అని ఎవరో గొణిగారు. హీటరు కట్టేశాడు, కిటికీలు బార్లా తెరిచాడు.

"అందరూ బయటికి. చెప్పులు వద్దు, పళ్లేలు వద్దు, లేవండి. దిష్టి కాదు, విషం. కన్నాలు మూసేశాం."

"ఎవరు మూశారు?" అంది యమీనా పిన్ని.

"తరవాత తిడుదురుగాని, ముందు లేవండి."

బర్కాహుమ్‌ను వీపు మీద వేసుకున్నాడు. మోకాళ్లు కటకటమన్నాయి. గడప దగ్గర ఒకసారి కూలబడ్డాడు, మళ్లీ లేచాడు. వాకిట్లో బావమరుదులు మంచు మీద దుప్పటి పరిచారు. ఆమెను దాని మీద పడుకోబెట్టి, "అమ్మా, కళ్లు తెరువు" అంటూ చెంపలు తట్టాడు. పెళ్లయినప్పటి నుంచి ఆమెను అమ్మా అని పిలిచింది అదే మొదటిసారి. చచ్చేంత భయం వేసింది అతనికి.

బావమరిది ఒకడు ఫోను చేస్తే అగ్నిమాపక దళం బండి వచ్చింది. ముఖానికి ఆక్సిజన్ తొడుగు పెట్టిన చాలాసేపటికి ముసలామె కళ్లు తెరిచి, తొడుగు పక్కకు లాగి, "నన్ను ఈ మంచులో ఎవడు పడేశాడు?" అంది. యమీనా గోడకు ఆనుకుని భోరుమంది. మిగతావాళ్లు తమ కాళ్ల మీద తామే నిలబడ్డారు.

దళంతో వచ్చిన అధికారి వేరే ఊరివాడు, లఖ్దర్ ఎవరో తెలియదు. పెద్ద గదిలోకి వెళ్లి, బల్ల జరిపి, గోడ తట్టి చూసి, పువ్వును సుత్తితో పగలగొట్టి వచ్చాడు. చేతులకు అంటిన సున్నం దులుపుకుంటూ అడిగాడు.

"పెద్దాయనా, ఇవి మూయకూడదని కంపెనీవాళ్లెవరూ మీకు చెప్పలేదా?"

వాకిట్లో ఉన్నవాళ్లంతా లఖ్దర్‌ను చూశారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

"ఒకాయన ఉన్నాడు," అన్నాడు లఖ్దర్. "ఏటా చలికాలం ఊరంతా తిరిగి చెబుతాడు. బాగా చెబుతాడు."

"మరి మీ ఇంటికి రాలేదా?"

దుప్పటి మీద పడుకున్న ముసలామె చెయ్యి లఖ్దర్ చేతిలోనే ఉంది.

"రోజూ వస్తాడు నాయనా. ఇక్కడే తింటాడు, ఇక్కడే పడుకుంటాడు. ఇక్కడ మాత్రం చెప్పలేదు."