విత్తనం మూటలో పట్టిక

ఫోనులో అక్కకు ఏదైనా రాయబోతే పైన ఒక వాక్యం కనబడుతుంది, ఈ మాటలు మీ ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియవని. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇద్దరికే తెలిసేలా రాసుకోవడం ఎంత పని చేస్తుందో నేను పదహారేళ్లకే చూశాను.

మాది వై.ఎన్.హొసకోట దగ్గర పల్లె. వానలు వరసగా మొండికేసిన ఏళ్లవి. అక్క నర్సు చదువుతానని నాయనతో గొడవపడి, మళ్లీ ఊళ్లో అడుగుపెట్టనని ఒట్టేసి, తుమకూరులో స్నేహితురాలి ఇంటికి వెళ్లిపోయింది. మార్కుల కార్డు మాత్రం నాయన పెట్టెలోనే ఉండిపోయింది. అది గడువులోగా చూపించకపోతే సీటు పోతుంది. నేను దాన్ని దొంగిలించి, అక్క చెప్పిన రోజున హొసకోట బస్టాండులో ఆమె చేతికివ్వాలి. ఆ రోజేదో ఉత్తరంలో రాస్తానంది.

మా వీధిలో ఉత్తరానికి గుట్టెక్కడిది? పోస్టాయన అరుగు మీద కూర్చుని, ఉత్తరం ఎవరికొచ్చిందో వాళ్ల కంటే ముందు వీధికి చదివి వినిపించేవాడు. అందుకే అక్క వెళ్లేముందే ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె పెట్టుకున్నాం. వరసగా పెడితే కనిపెడతారని నేనే తెలివి చూపించి అంకెలన్నీ కలగాపులగం చేశాను. ఆ పట్టిక రెండు కాగితాల మీద రాసి, ఒకటి అక్కకిచ్చాను. రెండోది విత్తనం శెనక్కాయల మూటలో దూర్చాను. మా ఇళ్లలో తిండికి లేకపోయినా విత్తనం మూట ముడి విప్పరు. వాన పడకముందు దానిమీద చెయ్యేస్తే వీపు పగిలేది. అంతకంటే భద్రమైన చోటు నాకు తోచలేదు.

మాకు వాన పడలేదు. మేనమామ వాళ్ల ఊరు నాగలమడికలో పడింది. నేను నీళ్లకు పోయి వచ్చేసరికి మేనమామ బండి కట్టుకొచ్చి మూట ఎత్తుకుపోయాడు.

"వాళ్లకు అదును దాటిపోతాది. మనకు పడినప్పుడు చూస్కుందాంలే" అన్నాడు నాయన.

మర్నాడే ఉత్తరం వచ్చింది. నిండా అంకెలు. పోస్టాయన నోరు తెరిచి మూసుకున్నాడు. నాకు ఒక్క నిమిషం గర్వంగా కూడా అనిపించింది, సిగ్గులేకుండా. వెంటనే నాగలమడిక బస్సెక్కాను. అత్త పంచలో కాయలు ఒలుస్తోంది.

"కాగితమా? ఏందో పిచ్చి లెక్కలుండాయని పొయ్యిలో ఏసినాను గదమ్మా" అంది.

ఇక నేను కూర్చున్న చోట కూర్చోలేదు. దొంగకు తేలు కుట్టినట్టు, ఎవరితో చెప్పను? అమ్మ పిలిస్తే ఉలిక్కిపడేదాన్ని. పొయ్యి మీద సంగటి రెండుసార్లు మాడ్చాను. కార్డు పెట్టెలోంచి తీసి రవికలో దాచుకుని రెండు రోజులు బస్టాండులో నిలబడ్డాను. వచ్చిన ప్రతి బస్సూ ఖాళీ అయ్యేదాకా చూశాను. మూడోరోజు అమ్మ వెళ్లనివ్వలేదు. ఆ సాయంత్రం నాయన ముందు ఏడ్చేశాను. కార్డూ ఉత్తరమూ ఆయన చేతిలో పెట్టాను.

ఆయన ఆ అంకెలను అటూ ఇటూ తిప్పి చూశాడు. కొడతాడనుకున్నాను.

"నాకు తెలీకూడదని ఇంత కష్టపడినారా?" అన్నాడు.

తెల్లారి మొదటి బస్సుకే కార్డు చొక్కా జేబులో పెట్టుకుని తుమకూరు పోయాడు. నేను నిశ్చింతగా ఇంట్లో ఉండిపోయాను.

అక్క రమ్మన్నది ఆ రోజే. పొద్దున్నించి ఆఖరి బస్సు దాకా హొసకోట బస్టాండులో కూర్చుని తిరిగి వెళ్లింది. ఆమె ఊరికి వెళ్లిందని తెలిసి నాయనేమో ఇటు బస్సెక్కాడు. మళ్లీ కార్డు తీసుకుపోయేసరికి గడువు దాటింది.

అక్క తుమకూరులోనే కుట్టుమిషను పెట్టుకుంది. ఆమెకు కూతురు పుట్టినప్పుడు చూడబోయి, ఆ రోజు బస్టాండులో నా గురించి ఏమనుకున్నావని అడిగాను.

"నువ్వు నాయనకు చెప్పేసినావనుకున్న్యా" అంది, దారం కొరుకుతూ.

లేదు అనబోయాను. కానీ చెప్పాను కదా.