ఐవర్ అంకుల్‌కి లేని మతిమరుపు

ఇన్నేళ్ళూ దీన్ని లోపలే పెట్టుకుని తిరిగాను. మా ఆయనకు సగం తెలుసు. మిగతా సగం మీకే చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అదే మంచిది.

అసలు నాకూ ఫుట్‌బాల్‌కీ ఏం సంబంధం? గంటన్నర పరిగెత్తి ఒక్క గోలైనా లేకుండా ఇంటికి పోయే ఆట. దాని మూలంగా ఇన్నాళ్ళు కుమిలిపోవాలా నేను?

వైటూకే రోజులవి, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడతాయని అందరూ భయపడ్డ కాలం. బ్లాక్‌టౌన్‌లో అద్దెకుంటూ, సిడ్నీలో ఓ కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేదాన్ని. మా టీమ్ లీడర్ మేగన్. ఆవిడ తండ్రి ఐవర్ అంకుల్, వేల్స్‌లో బొగ్గుగనుల ఊళ్ళో పుట్టి, వయసులో ఉండగా ఇక్కడికొచ్చి స్థిరపడినాయన. ఊరు వదిలారు గానీ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బును వదల్లేదు. ఓ ఆదివారం మేగన్ బార్బీకి, అదే పెరట్లో మాంసం కాల్చుకు తినే విందుకి, పిలిస్తే వెళ్ళాం. అంతే, ఆయనకు దొరికిపోయాను. గని కార్మికులు క్లబ్బు పెట్టడం, కప్పు గెలవడం, గనులు మూతపడ్డాక ఒక్కో డివిజనే కిందికి జారడం, దివాలా తీసి గ్రౌండు అమ్ముకోవడం, అభిమానులే మళ్ళీ నిలబెట్టడం. ఏ మ్యాచ్‌లో వాన పడిందో కూడా చెప్పేవారు. నా ప్లేట్లో తిండి చల్లారిపోయేది.

ఆ కథంతా ఆయన ఓపిగ్గా కంప్యూటర్లో కొట్టుకున్నారు. ఏళ్ళు మాత్రం రెండంకెల్లోనే. ఇక్కడి వెల్ష్ వాళ్ళ సంఘం దాన్ని చిన్న పుస్తకంగా వేద్దామంది. మిగతావాళ్ళు రాసిచ్చిన కబుర్లు కూడా అందులో ఏళ్ళ వరుసలో కలిపి పెట్టమని మేగన్ నన్నడిగింది. నా కాంట్రాక్టు పొడిగించాల్సింది ఆవిడే. కాదనగలనా?

ఇక్కడే నా తెలివి తెల్లారింది. ఆఫీసులో రోజంతా మేం చేసే పని ఒకటే. రెండంకెల్లో రాసిన సంవత్సరం యాభై లోపుంటే రెండువేల తర్వాతిది, పైనుంటే పందొమ్మిది వందలది అని కంప్యూటర్‌కు నేర్పడం. మా ఖాతాలకు అది సరిపోయింది. ఆ పద్ధతే అంకుల్ ఫైలుకూ పెట్టేసి, అచ్చులో ఏళ్ళు ఆయన కొట్టినట్టే రెండంకెల్లో ఉంచి, వచ్చింది వచ్చినట్టు ప్రింటుకిచ్చాను. ఒక్కసారి చదవడానికి ఏం రోగం నాకు? పందొమ్మిది వందల పన్నెండులో పుట్టిన క్లబ్బు, ఇరవై ఏడులో గెలిచిన కప్పు, అన్నీ వచ్చే శతాబ్దానివనుకుని కంప్యూటర్ పుస్తకం చివరికి నెట్టేసింది. ముందు జారిపోవడం, తర్వాత దివాలా, ఆ పైన పుట్టుక.

పుస్తకం పంచిన రోజు హాల్లో ఒకటే నవ్వులు. పాపం పెద్దాయనకు ముందూ వెనకా తెలియడం లేదన్నారెవరో. ఆయన పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చారు. పక్కనే మేగన్. నన్నాయన ఎప్పుడూ 'లవ్' అనే పిలిచేవారు, మనం 'అమ్మాయీ' అన్నట్టు.

"ఈ ఆర్డర్ నేనిచ్చిందేనా, లవ్?"

"మీరిచ్చిందే అంకుల్. మీది నేనేం ముట్టుకోలేదు."

"ఆర్ యూ షూర్?"

"షూర్ అంకుల్."

"అయితే పొరపాటు నాదే. సారీ, లవ్."

ఇంటికెళ్ళి తన ఫైలు తెరిస్తే తెలిసిపోయేది. తెరవలేదు. కంప్యూటర్ మనిషిని కదా, నా మాట నమ్మారు.

మేగన్ ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తర్వాత కారు తాళాలు తీసేసుకుంది. ఆయన ఏదైనా మ్యాచ్ సంగతి మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "ఏమో, నేను పొరబడుతున్నానేమో" అని కూతురి మొహం చూసేవారు. పుస్తకంలో పొరపాటు జరిగిందని మాత్రమే మా ఆయనకు చెప్పాను. "చెప్పెయ్యవే, నవ్వి ఊరుకుంటారు" అన్నారు. అంకుల్ మొహం మీదే అబద్ధమాడానని మా ఆయనకేం తెలుసు? కాంట్రాక్టు పొడిగించాక చెబుదామనుకున్నాను. పొడిగించారు. పీఆర్, అదే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చాక అనుకున్నాను. వచ్చింది. ఆ తర్వాత వాయిదాకి సాకు కూడా దొరకలేదు, అయినా చెప్పలేదు. అంకుల్‌కు నిజంగానే మతి తప్పుతోందా, లేక అందరూ అంటుంటే తప్పిందనుకుని నోరు మూసుకున్నారా? ఆ ప్రశ్నతో నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

చివరికి ఆయన వృద్ధాశ్రమంలో ఉండగా ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ పొరపాటు నాదే అంకుల్, మీకన్నీ సరిగ్గానే గుర్తున్నాయి, నేను అబద్ధం చెప్పాను అన్నాను. పూర్తిగా విన్నారు. నా చెయ్యి తట్టి, "యూ ఆర్ వెరీ కైండ్, లవ్" అన్నారు. తనను ఓదార్చడానికి కల్పించి చెబుతున్నాననుకున్నారు.

కొన్నాళ్ళకు ఆయన పోయారు. మేగన్‌కు చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది, అంతే. మీరైనా నన్ను నమ్మండి.