మా గడ్డి బూజు, మా అక్క ఊపిరి

నిన్న పొద్దున బందరులో బియ్యం కడుగుతుంటే బావగారి ఫోన్ వచ్చింది. "మీ అక్క లేదమ్మా" అన్నారు.

"ఏ అక్కండీ?" అన్నాను.

అక్క అంటే నా తోడికోడలు సుజాత. ఘంటసాల దగ్గర మా అత్తగారింట్లో నాతో మనసు విప్పి మాట్లాడింది ఆమె ఒక్కతే.

గేదెలకు వాములోంచి గడ్డి లాగుతూ ఆయాసం వచ్చి పడిపోయిందట. హాస్పిటల్‌కి చేరేలోపే అయిపోయింది.

ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

బూజు పట్టిన గడ్డి ముట్టుకుంటే ఆమెకు ఊపిరాడదని ఇంట్లో అందరికీ తెలుసు. విజయవాడలో ఎలర్జీ టెస్ట్ కూడా చేయించారు. చేతి మీద రకరకాల బూజుల మందు చుక్కలు వేసి సూదితో గుచ్చారు. ఒక్క చోటా చర్మం పొంగలేదు.

మా అత్తయ్యగారికి అది చాలింది.

"సూదే చెప్పింది కదే నీకేం లేదని. లే, గేదెలు అరుస్తున్నాయి."

డాక్టర్‌గారు చెప్పిన మిగతా మాట ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ మందులు ఎక్కడివో బూజులతో చేసినవి, ఒక సీసా బలం ఇంకో సీసాకి ఉండదు, మీ గడ్డే తెస్తే దాంతోనే చేస్తాం అన్నారు. అప్పటిదాకా గడ్డి జోలికి వెళ్లొద్దన్నారు.

వానకు తడిసి నల్లబడిన గడ్డిని కవర్‌లో కట్టుకుని అక్కా నేనూ విజయవాడ బస్సెక్కాం.

కండక్టర్ చూసి, "గేదెక్కూడా టికెట్ తియ్యాలమ్మా, ఎక్కడుందది?" అన్నాడు.

"ఎనక బస్సులో వత్తందండీ" అంది అక్క.

ఆమె అంతగా నవ్వడం మళ్లీ చూడలేదు.

ఆ బూజును ల్యాబ్‌లో గాజు పళ్లేల్లో పెంచి, ఆరబెట్టి, నూరి, సారం తీసి వడకడతారట. బలం సరిచూడకుండా గుచ్చకూడదట. తక్కువైతే ఉన్న జబ్బు కనపడదు. ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే టైమ్ పడుతుందన్నారు.

వాళ్లు ఆగమన్నది టెస్ట్ కోసం. మా ఇంట్లో ఆమెను నమ్మడానికి కూడా ఆగారు.

"ఆ సీసా రానీ, అప్పుడు చూద్దాం" అనేవారు మావయ్యగారు.

పెదవులు నీలంగా మారడం కళ్ల ముందు కనిపిస్తుంటే సీసా ఎందుకండీ?

నిన్న ఆమె పక్కన కూర్చుని అందరూ "ఆయుష్షు తీరింది" అన్నారు.

తీరలేదు. మీరు గడ్డికి పంపారు.

నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. అక్కడ అనలేకపోయాను. మీరంతా చదువుతారనే ఈ పోస్ట్ రాస్తున్నాను.

అక్కా, నీ ఆయాసం నిజం.

ఇక ఎవరికీ రుజువు చూపించక్కర్లేదు. ప్రశాంతంగా పడుకో.