నిచ్చెన పట్టుకున్న చెయ్యి

మా మామయ్యను వీధిలో అందరూ బంకాయన అంటారు. మునిసిపల్ ఆఫీసులో ఆయన ఉద్యోగం అలాంటిది మరి. ఎవరైనా ఇల్లు కడతామని దరఖాస్తు పెడితే, చుట్టుపక్కల వాళ్లకు తెలిసేలా ఆ స్థలం దగ్గర నోటీసు అంటించి రావాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు గడువులోగా చెప్పుకోవాలి. అంటించాక ఫోటో తీసి పంపితే ఆయన పని అయిపోయినట్టే.

కిందికి అంటిస్తే తెల్లారేసరికి ఎవరో ఒకరు పీకేస్తారు, పైవాళ్లు ఈయన్ని వాయిస్తారు. అందుకని నిచ్చెన వేసుకుని చేతికందనంత ఎత్తులో అంటిస్తాడు. "చూడవే, ఒక్కటైనా ఊడిందా?" అని నా దగ్గర మీసం మెలేసేవాడు. అంత పైనున్నది ఎవడు చదువుతాడు మామయ్యా అని ఏడిపిస్తే, అంటించడమే నా డ్యూటీ, చదివించడం కాదు అని నవ్వేసేవాడు. తనూ చదివేవాడు కాదు, మహానుభావుడు.

మా అమ్మది కిటికీ దగ్గర పని. చిరిగిన బట్ట తెచ్చిస్తే అదే రంగు దారంతో పోగు పోగూ అల్లి, చిరుగు కనపడకుండా చేస్తుంది. దానికి పగటి వెలుతురు కావాలి. బల్బు కింద నలుపూ ముదురు నీలమూ ఒకటే. పక్క స్థలం ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఆ కిటికీయే మాకు అన్నం పెట్టింది.

ఒకరోజు మామయ్య మా ఇంటి ముందు కరెంటు స్తంభానికే నిచ్చెన వేశాడు. అది ఊగుతుంటే అమ్మ చేతిలో పని పక్కన పడేసి బయటికొచ్చి పట్టుకుంది. జాగ్రత్తరా, నడుం విరగ్గొట్టుకునేవు అని తిట్టింది. ఆయన దిగి ఫోటో తీసుకునేదాకా వదల్లేదు. తర్వాత మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఇద్దరిలో ఒక్కరైనా ఆ కాగితంలో ఏముందో చూస్తే ఒట్టు.

పక్క స్థలంలో పునాదులు తవ్వుతుంటేగానీ మాకు తెలియలేదు. నాలుగంతస్తులట. మా కిటికీకి అడ్డంగా, మూరెడు దూరంలో గోడట. అమ్మా నేనూ ఆఫీసుకు పరిగెత్తాం. అక్కడి గుమస్తా మర్యాదగానే మాట్లాడాడు, అదే నాకు ఒళ్లు మండించింది. గడువు దాటిపోయిందన్నాడు. మాకెవరూ చెప్పలేదంది అమ్మ. ఆయన కంప్యూటర్లో ఫోటో తెరిచి మా వైపు తిప్పాడు. పైన నోటీసు. కింద నిచ్చెన పట్టుకుని, ఎండకు కళ్లు చికిలించి పైకి చూస్తూ మా అమ్మ.

"ఇది మీరే కదమ్మా?"

"నేనే," అంది అమ్మ.

ఆ సాయంత్రం మామయ్య వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆఫీసులో ఇంజనీరును కాళ్లావేళ్లా పడి బతిమాలాడట, నువ్వు పంపిన ఫోటోయే కదయ్యా అన్నాడట ఆయన. నాకు పీకలదాకా కోపం. నాలుగు దులిపేద్దామని నోరు తెరిస్తే అమ్మ కళ్లతోనే ఆపింది.

"వాడేం చేస్తాడే. పట్టుకున్నది నేను."

ఇప్పుడు గోడ లేచింది. మా ఇంట్లో పట్టపగలే లైటు. మొన్న ఎవరిదో నల్లకోటుకు అమ్మ నీలం దారం వేసేసింది. అప్పట్నుంచి బట్టా దారం పట్టుకుని వీధిలోకెళ్లి, ఆ స్తంభం పక్కన నిలబడి రంగు సరిచూసుకుంటోంది. పైన నోటీసు ఇంకా అలాగే ఉంది, ఒక్క మూలైనా లేవలేదు. దాన్ని పీకి పారేద్దామని నిన్న కుర్చీ వేసుకుని ఎక్కాను. చెయ్యి అందలేదు.