మూడు ఊళ్ల చర్చి వీధి

2007 ఏప్రిల్‌లో నన్ను మా మ్యాపింగ్ కంపెనీలో డిజిటైజింగ్ సెక్షన్‌కు ఇన్‌ఛార్జిగా వేశారు. అంతవరకు బహ్రెయిన్‌లోనే అదే కంపెనీకి ఫీల్డ్ సర్వేయర్‌ని. హోదా పెరిగింది, ఎండ తప్పింది. మా ఆఫీసు మీనా సల్మాన్ రేవు గోదాముల దగ్గర, టైర్ల దుకాణం పైన రెండో అంతస్తులో ఉండేది. కొత్త హోదాలో నా చేతికి వచ్చిన మొదటి పని మాత్రం బహ్రెయిన్‌ది కాదు. జర్మనీలోని నాలుగు పల్లెటూళ్లది.

జర్మనీ ఊళ్ల పటాలు గల్ఫ్‌లో గీయడమేమిటని ఇప్పటికీ కొందరు అడుగుతారు. జీతాల తేడా వల్ల ఆ రోజుల్లో అటువంటి పనులు మాలాంటి చోట్లకు వచ్చేవి. పని పద్ధతి ఇలా ఉంటుంది. పాత కాగితపు పటాన్ని స్కాన్ చేస్తాం. ఆ బొమ్మను భూమి మీది అసలు కొలతలకు సరిపోయేలా కంప్యూటర్‌లో కూర్చోబెడతాం. తర్వాత దాని మీద ప్రతి గీతనూ మౌస్‌తో మళ్లీ గీస్తాం. ఇళ్ల హద్దులు ఒక పొర, రోడ్లు ఒక పొర, పేర్లు ఇంకొక పొర. ఒక్కో కాగితాన్ని షీటు అంటాం. షీటు మా తనిఖీ దాటాక, పని ఇచ్చినవారి ప్రతినిధి చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడని షీటు ఎంత బాగా గీసినా అప్పజెప్పినట్టు కాదు.

ఆ నాలుగు ఊళ్ల సంగతి కొంచెం చెప్పాలి. రెండు జర్మనీలు ఒకటైన తర్వాత, తూర్పు భాగంలోని ఆ ఊళ్లు కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. ఊరికొక పాలకమండలి, ఊరికొక మేయరు అలాగే ఉంటారు. మేయరుకు జీతం ఉండదు, తన పని తాను చేసుకుంటూ ఊరి పని చూస్తాడు. పన్నులు, జనన మరణాల నమోదు, ఇళ్ల అనుమతులు వంటి కాగితాల పని మాత్రం నాలుగు ఊళ్లకూ కలిపి ఒకే ఆఫీసు చేస్తుంది. మన మండలాఫీసుకు కొంత దగ్గరగా ఉంటుందనుకోవచ్చు. కానీ నిర్ణయం ఊరిదే, ఆఫీసుది అమలు మాత్రమే. తర్వాత పనుల కోసం వయసులో ఉన్నవాళ్లు పశ్చిమం వైపు పోవడంతో ఊళ్లు పలచబడ్డాయి. వేర్వేరు పాలకమండళ్లు అక్కర్లేదు, నాలుగూ కలిసి ఒకే మునిసిపాలిటీ కావాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. సంఘం రద్దయింది. నాలుగు పటాల స్థానంలో ఒకటే పటం తయారు చేయడం మా పని.

ఊళ్ల అసలు పేర్లు మా నోళ్లకు తిరగలేదు. సెక్షన్‌లో ఎక్కువమంది తెలుగువాళ్లం కావడంతో మా పేర్లు మేం పెట్టుకున్నాం. పెద్ద ఊళ్లో పాత పిండిమిల్లు ఉంది కాబట్టి అది మిల్లూరు. తక్కినవి వాగూరు, చెరువూరు. అన్నిటికంటే చిన్నది, గుట్ట మీదున్నది గుట్టపల్లె.

పేర్ల పొర సుజాత చేతిలో ఉండేది. ఆమెది కాకినాడ దగ్గర పల్లె. మనామాలో భర్త, కూతురితో ఉండేది. అక్కడ సెలవు రోజైన శుక్రవారం తెలుగు చర్చి కూటమిలో పాటలకు ముందుండేది. ఆమె ఉద్యోగం ఈ ప్రాజెక్టు వరకే. జూన్‌లోగా షీట్లన్నీ అప్పజెబితే తర్వాతి పని మాకే ఇస్తామని జర్మన్‌వాళ్లు అన్నారు. అది వస్తే ఆమె కాంట్రాక్టు పొడిగిస్తారు. రాకపోతే కూతురిని ఈసా టౌన్ స్కూల్లోంచి మధ్యలో మాన్పించి తల్లీకూతుళ్లు ఇండియా వెళ్లిపోవాలి. భర్త ఒక్కడి జీతంతో అక్కడ కుటుంబం గడవదు.

మే నెలలో సంతకాలు పెట్టేందుకు వెర్నర్ వచ్చాడు. రద్దయిన ఆ సంఘం ఆఫీసుకు మొదటి నుంచి చివరి వరకు కార్యదర్శి ఆయనే. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, పొడగరి, తక్కువ మాటలు. ఆఫీసు డ్రైవర్ రాజన్నను ఆయనకు అప్పగించాను. రాజన్నది జగిత్యాల వైపు. రెండో రోజే నా దగ్గరికి వచ్చాడు.

“సారు, గాయన కార్ల కూసుంటే ఒక్క మాట మాట్లాడడు. బోర్డులు సదువుకుంట వస్తడు. నిన్న సూక్ బజార్ల దిగి గంత ఎండల నడిచిండు. ఈ రోడ్డు పేరేందని అడిగిండు. పేరేడిది సారు, రోడ్డుకు నంబరు, బ్లాకుకు నంబరు, గంతే గద అన్న. అయ్యో అన్నట్టు తలకాయ ఊపిండు.”

వెర్నర్ పని మాత్రం చురుగ్గా చేశాడు. మిల్లూరు, వాగూరు, చెరువూరు షీట్లు గీత గీతా చూసి, తప్పులు దిద్దించి సంతకాలు పెట్టాడు. గుట్టపల్లె షీటు దగ్గర ఆగిపోయాడు. రోజూ తీస్తాడు, చూస్తాడు, మడిచి పక్కన పెడతాడు. తప్పేమైనా ఉందా అంటే లేదంటాడు. అలా వారం గడిచింది.

చిక్కు పేరు దగ్గర వచ్చింది. నాలుగు ఊళ్లలో మూడింటికి చర్చి వీధి ఉంది. ఊళ్లు వేరుగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఒకే మునిసిపాలిటీ అయ్యాక ఒకే పేరుతో మూడు వీధులుండటానికి వీల్లేదు. ఉత్తరాలు, అంబులెన్సులు, ఫైరింజన్లు తారుమారవుతాయి. పెద్ద ఊరు తన పేరు ఉంచుకుంటుంది, చిన్నవి మార్చుకోవాలి అన్నది కొత్త మునిసిపాలిటీ నియమం. వాగూరు మార్చుకుంది. గుట్టపల్లె చర్చి వీధికి ‘ఉత్తర వీధి’ అని పేరు పంపి, అదే ఎక్కించమన్నారు. ఎక్కించాం.

మా మేనేజరు జోర్డాన్ మనిషి. మంచివాడే గాని గడువు దగ్గరపడితే ఆయనకు నిద్ర పట్టదు. రోజూ నా టేబుల్ దగ్గరికి వచ్చి, “యల్లా, త్వరగా, ఆ ముసలాయనతో సంతకం పెట్టించు, ఖలాస్ చెయ్యి” అనేవాడు. సుజాత కూడా లోలోపల ఉడికిపోతోంది. ఒక రోజు టీ తాగేటప్పుడు నాతో అంది: “తప్పు లేదంటాడు, సంతకం పెట్టడు. మా అమ్మాయి చదువు ఆయన పెన్ను మీద ఆగిందండీ. మీరడగరు, నేనే అడుగుతాను.”

వద్దనలేదు. నిజానికి అడగవలసింది నేను. ప్రతినిధి మీద ఒత్తిడి తెచ్చామన్న మాట రాకూడదని తటపటాయిస్తున్నాను. ఆమె నేరుగా వెర్నర్ టేబుల్ దగ్గరికి వెళ్లి, తనకొచ్చిన ఇంగ్లిషులో, మర్యాదగానే, ఈ షీటులో మేం ఏం సరిచేయాలో చెప్పమంది. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను.

ఆయన షీటును తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత చెప్పిన సంగతి ఇది. ఆయన పుట్టింది గుట్టపల్లెలో, ఆ వీధిలోనే. ఆయన చిన్నప్పుడు ఆ వీధి పేరు చర్చి వీధి కాదు. అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వం ఆ పేరు తీసేసి ఒక పార్టీ నాయకుడి పేరు పెట్టింది. ఊళ్లోవాళ్లు బయట ఆ పేరు రాస్తూ, ఇంట్లో పాత పేరే అనుకునేవాళ్లు. ఆ ప్రభుత్వం పోయాక ఊరి పాలకమండలి చేసిన మొదటి పని పాత పేరు తిరిగి పెట్టుకోవడం. ఆ రోజు ఆయన తల్లి బోర్డు కింద కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చుందట.

“సంఘం రద్దు కాగితం మీద కార్యదర్శిగా నేనే సంతకం పెట్టాను. తప్పదని ఊరివాళ్లకు నేనే నచ్చజెప్పాను. మీ పేర్లు, మీ పద్ధతులు మీకే ఉంటాయని మాట ఇచ్చాను” అన్నాడు. “ఇప్పుడు దీని మీద కూడా నేనే సంతకం పెట్టాలి. మా చెల్లెలు అక్కడే ఉంటుంది. నాతో మాట్లాడటం మానేసింది.”

సుజాత తన సీటుకు వెళ్లిపోయింది. కాసేపటికి నేను వెళ్తే స్క్రీన్ మీద గుట్టపల్లె తెరిచి ఉంది, చేతులు ఒళ్లో ఉన్నాయి.

“మా ఊళ్లో మాది కూడా చర్చి వీధేనండి” అంది. “మా నాన్నగారోళ్లు ఆ పేరు కోసం పంచాయతీ చుట్టూ ఎన్నేళ్లు తిరిగారో. అంతకుముందు మా వీధిని ఊరంతా ఏమని పిలిచేదో నా నోటితో చెప్పను. ఆ బోర్డు పాతిన రోజున మా నాన్న కొత్త చొక్కా వేసుకున్నారు.” మౌస్ చేతిలోకి తీసుకుని అంది, “నేను ఎక్కించిన పేరు తీసేస్తాను సర్. ఆ ఊరివాళ్లనడగకుండా అది ఉండకూడదు.”

“గడువు సంగతి?” అన్నాను.

“గడువు సంగతి నాకు తెలియదాండీ? నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు?”

నేను సర్వే పని నేర్చుకున్న రోజుల్లో పెద్దలు చెప్పిన మాట ఒకటే. ఉన్నది గీయి, లేనిది గీయకు. ఉత్తర వీధి అనే పేరు అప్పటికి కొత్త మునిసిపాలిటీ ఉత్తర్వులో తప్ప ఆ ఊళ్లో ఎవరి నోటా లేదు. కానీ ప్రతినిధి ఊగిసలాడుతున్నాడని పని ఆపేస్తే కంపెనీ మునుగుతుంది. రెండిటికీ మధ్య దారి మా కాంట్రాక్టులోనే ఉంది. షీట్లను విడతలుగా అప్పజెప్పవచ్చు. వివాదం ఉన్న షీటును, కారణం రాసి, ‘పెండింగు’ అని గుర్తు పెట్టి వేరుగా ఉంచవచ్చు. మామూలుగా ఎవరూ ఆ పని చేయరు. పెండింగు అన్న మాట చూస్తే పని ఇచ్చినవారికి అనుమానం వస్తుంది.

మేనేజరుకు చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఒక వీధి పేరు కోసం తర్వాతి ప్రాజెక్టు పోగొట్టుకుంటామా అన్నాడు. ఆ ఊరివాళ్లు ఒప్పుకోని పేరు ఎక్కిస్తే రేపు దిద్దుబాటు కూడా మన మెడకే చుట్టుకుంటుందన్నాను. చాలాసేపు వాదించుకున్నాక, సాంకేతిక కారణం నేను రాసి నా సంతకం పెట్టే షరతు మీద సరేనన్నాడు. పెట్టాను. తక్కిన షీట్లన్నీ పంపేశాం.

కారణం రాస్తే సరిపోదు, పరిష్కారం కూడా చూడాలి. గుట్టపల్లె చివరి మేయరుతో మాట్లాడమని వెర్నర్‌ను అడిగాను. ఆమె పాడి రైతు, వెర్నర్ చెల్లెలికి స్నేహితురాలు. ఆయన రెండు రోజులు వాయిదా వేశాడు. మూడో రోజు తనే వచ్చి, మీరూ పక్కనుంటే ఫోన్ చేస్తానన్నాడు. మీటింగు గదిలో స్పీకర్ ఫోన్ పెట్టి, సుజాతతో కలిసి ముగ్గురం కూర్చున్నాం. మాటలు జర్మన్‌లో సాగాయి. ఆయన మధ్యమధ్యలో మాకు ఇంగ్లిషులో చెప్పాడు.

మొదట ఆవిడ గొంతు కటువుగా ఉంది. ఇన్నాళ్లకు గుర్తొచ్చామా అందట. వెర్నర్ తలవంచుకుని విన్నాడు. తర్వాత, ఆ ఎడారిలో మా ఊరి పటం గీస్తున్నది ఎవరని అడిగింది. సుజాత తన పేరు చెప్పి, మీ ఊరి పేరు పలకలేక మేం గుట్టపల్లె అంటున్నామని చెప్పింది. ఆ మాటకు అర్థం వెర్నర్ చెప్పగానే అటునుంచి గట్టిగా నవ్వు వినిపించింది. గుట్టపల్లె అని రెండుసార్లు పలికి చూసింది. ఆ తర్వాత మాట తీరు మారింది.

ఆవిడ చెప్పినదాని సారాంశం ఇది. మొన్నటి చలికాలంలో ఊళ్లో ఒక ముసలాయనకు గుండెనొప్పి వస్తే అంబులెన్సు మిల్లూరు చర్చి వీధికి పోయింది. గుట్ట ఎక్కి వచ్చేసరికి ఆలస్యమైంది. ఆయన బతికాడు గాని మంచం దిగలేదు. “కాబట్టి పేరు మార్చవద్దని మేం అనలేదు” అందావిడ. “మార్చేటప్పుడు మమ్మల్ని అడగమన్నాం. మా వీధికి ఉత్తరం ఏమిటి? ఎక్కడినుంచి చూస్తే ఉత్తరం? మిల్లూరు ఆఫీసు కిటికీలోంచి చూస్తేనే కదా!”

ఆ మాట అనువదిస్తూ వెర్నర్ మొదటిసారి నవ్వాడు. నిజమేనన్నాడు. ఊరివాళ్లను కూర్చోబెట్టి వాళ్లే పేరు నిర్ణయిస్తే, దాన్ని కొత్త పాలకమండలిలో ఆమోదింపజేసే బాధ్యత తనదన్నాడు. మీరు మాట ఇవ్వడం మాకు కొత్త కాదు అని ఆవిడ చురక వేసింది. అయినా మీటింగు పెట్టింది.

వాళ్లు పెట్టుకున్న పేరును తెలుగులో చెప్పాలంటే ‘చర్చి ఎక్కుడు దారి’. ఊళ్లోంచి చర్చికి పైకి ఎక్కే దారి కాబట్టి అలా పెట్టుకున్నారు. తక్కిన మూడు ఊళ్లలో ఎక్కడా ఆ పేరు లేదు, అంబులెన్సుకు తికమక లేదు. కొత్త పాలకమండలి కొంత గొణిగి ఆమోదించింది. ఉత్తర్వు మాకు చేరేసరికి జూన్ దాటింది, అప్పటిదాకా వెర్నర్ మా దగ్గరే ఉండిపోయాడు. సుజాత పేరు ఎక్కించింది, నేను అక్షరం అక్షరం సరిచూశాను, వెర్నర్ సంతకం పెట్టాడు. వెళ్లేముందు రాజన్నతో చెల్లెలికి ముత్యాల దండ కొనిపించుకున్నాడు. “రేటు నేనే మాట్లాడిన సారు, లేకపోతే షావుకారు ఆయనను నిలువునా ముంచుతుండె” అని రాజన్న తర్వాత చెప్పాడు. ఆ చెల్లెలు మాట్లాడిందో లేదో మాకు తెలియలేదు.

గడువు దాటినందుకు తర్వాతి పెద్ద ప్రాజెక్టు మాకు రాలేదు. అది వేరే దేశంలోని కంపెనీకి వెళ్లింది. మేనేజరు కొన్ని వారాలు నాతో ముభావంగా ఉన్నాడు. అయితే మిగిలిన వీధుల పేర్ల మార్పులు కూడా ఊళ్లవారీగా అడిగి చేయాలని ఆ మునిసిపాలిటీ నిర్ణయించుకుని, ఆ దిద్దుబాట్ల పని మాకే ఇచ్చింది. చిన్న పనే. సుజాత కాంట్రాక్టు ఏడాది పొడిగించడానికి అది సరిపోయింది. ఆమె కూతురు ఆ తరగతి అక్కడే పూర్తి చేసింది. మరుసటి ఏడాది మా సెక్షన్ మూసేశారు. సుజాతకు మనామాలోనే ఇంకో ఆఫీసులో ఉద్యోగం దొరికింది. నేను తిరిగి ఫీల్డుకు వెళ్లి, రిటైరయ్యేవరకు అక్కడే ఉన్నాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగేది ఇంతే. గీత తప్పు పోతే మళ్లీ కొలిచి దిద్దవచ్చు. పేరు తప్పు పోతే కొలవడానికి ఏమీ ఉండదు, అక్కడ ఉండేవాళ్లను అడగడమొక్కటే దారి. అలా అడగడం కూడా సర్వేలో భాగమే. అందుకు పట్టే కాలాన్ని గడువులో ముందే కలుపుకోవాలి. మేం కలుపుకోలేదు కాబట్టి ఒక ప్రాజెక్టు పోయింది. తర్వాత నేను వేసిన ప్రతి అంచనాలోనూ ఆ రోజులు కలిపాను.