ఆటకు వీపు పెట్టి

మెదక్‌లో మేము రోజూ కూర్చునే చాయ్ హోటల్ టీవీలో ప్రపంచకప్ ఫుట్‌బాల్ హైలైట్స్ వస్తున్నాయి. నన్ను చూడగానే పక్క బల్ల పెద్దమనిషి మొదలుపెట్టాడు. "నీకేందే, పోయినసారి గల్ఫ్‌ల ఫ్రీగ చూసినవ్. మస్తు కిస్మత్ నీది."

కిస్మతట! సముద్రం ఒడ్డున ఉన్న ఆ నగరం, వచ్చే అభిమానుల కోసం పెళ్ళింటిలా ముస్తాబైన మాట నిజమే. కానీ స్టేడియంలో వాళ్ళు చూసేది ఆటను, నేను చూసేది వాళ్ళను. మైదానానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడటమే మా సెక్యూరిటీ గార్డుల డ్యూటీ. నా వెనక గోల్ పడిందని వాళ్ళ అరుపులను బట్టి తెలుసుకునేవాణ్ణి. ఒక్కసారి మాత్రం ఆగలేక వెనక్కి తిరిగాను.

మర్నాడు సూపర్‌వైజర్ తన ఫోన్‌లో టీవీ వీడియో చూపించాడు. వరుసగా అన్నీ వీపులే, మధ్యలో నోరు తెరుచుకున్న నా ముఖం. "ఆట చూడ్డానికి తెచ్చామా నిన్ను?" అని అక్కడికక్కడే కార్ల పార్కింగ్‌కు తరిమాడు.

ఎండలో కార్లకు దారి చూపిస్తుంటే మెదక్ నుంచి మా అక్క ఫోన్ చేసింది.

"టీవీల నీ మొఖం కనబడ్డది తమ్మీ! రేపు గూడ జర గిట్లనే తిరుగు. వాడకట్టోళ్లందరిని పిలిచి చూపిస్త."